విమానాశ్రయ భద్రతా తనిఖీ: ఏ అంచెకు ఎన్ని మార్కులు?

టికెట్ ధరలో భాగంగానో, విడి రుసుముగానో విమానాశ్రయ తనిఖీకి ప్రయాణికుడు డబ్బు కడుతున్నాడు. నచ్చినా నచ్చకపోయినా ఈ సేవను వాడుకోక తప్పదు. మరో దుకాణానికి వెళ్లినట్టు మరో తనిఖీకి వెళ్లే వీలు లేదు. అందుకేనేమో దీన్ని అందరూ రెండే ప్రశ్నలతో కొలుస్తారు: క్యూ ఎంతసేపు పట్టింది, సిబ్బంది మర్యాదగా మాట్లాడారా అని. రెండూ ముఖ్యమే, కానీ ఈ సేవ పుట్టింది అందుకు కాదు. ఇది పుట్టింది విమానాల హైజాక్‌ల వల్ల. కాబట్టి ఇక్కడ చూసేది వేరు. ఒక్కో అంచెనూ ఏ ఘటన తెచ్చిపెట్టింది, అది ఆ పని చేస్తోందా, ఎక్కడ తప్పుతోంది, ఎందుకు తప్పుతోంది, ప్రయాణికుడు ఏం చేస్తే పని సాఫీగా సాగుతుంది.

మా తీర్పు ముందే చెప్తాం. యంత్రాలు చాలావరకు మంచివి. మనకు విసుగు తెప్పించే నియమాల్లో కొన్నింటికి హైజాక్‌తో సంబంధమే లేదు. అసలు బలహీనత క్యూలో నిలబడ్డవాళ్లకు కనపడని చోట, అంటే తనిఖీ అయిన ప్రాంతం చుట్టూ ఉండే గీతలో ఉంది.

మెటల్ డిటెక్టర్ ఆర్చి

1968 నుంచి 1972 దాకా ఒక్క అమెరికాలోనే 130కి పైగా హైజాక్‌లు జరిగాయి. చాలా విమానాలు క్యూబా వైపు మళ్లాయి. ప్రయాణికుల్ని సోదా చేస్తే వ్యాపారం పోతుందని విమాన సంస్థలు అప్పట్లో గట్టిగా అడ్డుపడ్డాయి. హైజాకర్ అడిగింది ఇచ్చి, విమానాన్ని వెనక్కి తెచ్చుకోవడమే తేలికనుకున్నాయి. 1971 నవంబరు 24న కూపర్ పేరుతో టికెట్ కొన్నవాడు రెండు లక్షల డాలర్లు తీసుకుని బోయింగ్ 727 వెనక మెట్ల మీంచి పారాచూట్‌తో దూకాక కూడా వచ్చిన మార్పు చిన్నదే. గాల్లో ఉండగా ఆ మెట్లు తెరుచుకోకుండా ఒక చిన్న రెక్క బిగించారు.

1972 నవంబరు 10న సదరన్ ఎయిర్‌వేస్ 49వ విమానాన్ని ముగ్గురు పట్టుకుని, ఓక్ రిడ్జ్ అణు రియాక్టర్ మీద కూల్చేస్తామని బెదిరించారు. దాంతో లెక్క మారిపోయింది. 1973 జనవరి 5 నుంచి అమెరికాలో ప్రతి ప్రయాణికుణ్ణీ, ప్రతి చేతి సంచినీ తనిఖీ చేయడం తప్పనిసరి అయింది. హైజాక్‌లు ఒక్కసారిగా పడిపోయాయి. 1974లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన ఒప్పందానికి 17వ అనుబంధాన్ని చేర్చింది. సభ్యదేశాల విమానాశ్రయ భద్రతకు ఈనాటికీ ఆధారం అదే.

ఆర్చి పని చేసే తీరు సరళం. పక్క పలకల్లోని తీగచుట్టలు చిన్న చిన్న అయస్కాంత స్పందనలు పంపుతాయి. దారిలో లోహం ఉంటే దానిలో విద్యుత్తు పుడుతుంది, దాన్ని ఎదుటి చుట్టలు పసిగడతాయి. ఇప్పటి ఆర్చీలు శరీరాన్ని ఎత్తు ప్రకారం భాగాలుగా చూస్తాయి కాబట్టి లోహం చీలమండ దగ్గరుందా, నడుం దగ్గరుందా అన్నది పక్క దీపం చెప్పేస్తుంది. మామూలు నడకతో, పలకల్ని తాకకుండా, ముందు మనిషి పూర్తిగా దాటాకే వెళ్లాలి. వెనకే ఆనుకుని ఇంకొకరు వస్తే ఇద్దరి సంకేతాలూ కలిసిపోతాయి. ఒంటి మీద లోహమే లేకపోయినా మోగిందంటే యంత్రం చెడిందని కాదు. కొందరిని యాదృచ్ఛికంగా ఎంచుకునేలా దానికి ముందే చెప్పి పెడతారు.

ఇక్కడ తప్పు జరిగేది ఆర్చిలో కాదు, ఆర్చి మోగాక. 2001 సెప్టెంబరు 11 ఉదయం వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయంలో హైజాకర్లలో కొందరు ఆర్చిని మోగించారు. రెండో ఆర్చి గుండా పంపారు, అదీ మోగితే చేతి డిటెక్టర్ తిప్పి వదిలేశారు. ఏ వస్తువు వల్ల మోగిందో తేల్చలేదు. శబ్దం ఆగడం ఒకటి, కారణం తెలియడం ఒకటి. మంచి స్క్రీనర్ రెండోదాని కోసం చూస్తాడు. అందుకే బెల్టు బకిల్ దగ్గర మోగితే బకిల్ తిప్పి లోపలివైపు కూడా చూపమంటారు, పాంటు జేబు బయటికి తీయమంటారు. ఆ పని పూర్తిగా చేసేవారిని తొందరపెట్టకండి.

పేస్‌మేకర్ ఉన్నవారు కార్డు ముందే చూపాలి. ఆర్చి గుండా మామూలుగా నడిచి వెళ్లొచ్చు గానీ ఆగకూడదు, పలకకు ఆనుకోకూడదు. చేతి డిటెక్టర్‌ను ఆ పరికరం మీద నిలిపి ఉంచకూడదు, దాని బదులు చేత్తో తడమమని అడగొచ్చు. ఇన్సులిన్ పంపు, గ్లూకోజ్ సెన్సర్ విషయంలో తయారీదారు చెప్పినదే ప్రమాణం. కొన్నింటిని ఎక్స్‌రేలో గానీ బాడీ స్కానర్‌లో గానీ పెట్టకూడదు.

యాభై ఏళ్లు దాటినా తుపాకీ, కత్తి అన్న మొదటి ప్రమాదానికి ఇదే గట్టి జవాబు. ఐదుకు నాలుగు.

ఎక్స్‌రే బెల్టు, కొత్తగా వస్తున్న సీటీ యంత్రం

తెర మీద కనిపించే రంగులకు అర్థం ఉంది. రెండు శక్తిస్థాయుల కిరణాలతో చూసి, తిండి, కాగితం, ప్లాస్టిక్, పేలుడు పదార్థాల్లాంటి తేలిక మూలకాల వస్తువులను నారింజలో, బరువు లోహాలను నీలంలో, మధ్యరకాన్ని ఆకుపచ్చలో చూపిస్తుంది. కిరణాలు దూరలేనంత దట్టంగా ఉన్నది నల్లగా కనిపిస్తుంది. బ్యాగు మళ్లీ వెనక్కి వెళ్లడానికి చాలాసార్లు కారణం ఈ నలుపే. ల్యాప్‌టాప్ బయట పెట్టమనేది అందుకే. దాని బ్యాటరీ, బోర్డు కింద ఉన్నదాన్ని కప్పేస్తాయి. చార్జర్లు, కేబుళ్లు, పవర్ బ్యాంకు, కెమెరా అన్నీ ఒకే మూల కుక్కినా అంతే. వాటిని బ్యాగు పైభాగంలో పక్కపక్కన పరిస్తే బొమ్మ ఒక్కచూపుకే అర్థమవుతుంది. పుస్తకాల కట్ట, సబ్బులు, జున్ను లాంటివి పేలుడు పదార్థానికి దగ్గరి సాంద్రతతో కనిపిస్తాయి. అవుంటే బ్యాగు విప్పుతారని ముందే అనుకోండి.

యంత్రం కన్నా తెర ముందు మనిషి ముఖ్యం. గంటలకొద్దీ ప్రమాదం లేని బ్యాగులే చూస్తుంటే కన్ను మొద్దుబారుతుంది. ఇది బద్ధకం కాదు, మెదడు తత్వం. దానికి రెండు విరుగుడులు కనిపెట్టారు. ఒకటి, ఒకే మనిషిని వరుసగా దాదాపు 20 నిమిషాలకు మించి తెర ముందు కూర్చోబెట్టకపోవడం. యూరప్ నిబంధనల్లో ఇది రాసే ఉంది. రెండు, నిజం బ్యాగు బొమ్మలో అప్పుడప్పుడు నకిలీ తుపాకీనో బాంబునో సాఫ్ట్‌వేరే చొప్పించి, ఆపరేటర్ పట్టుకున్నాడో లేదో నమోదు చేయడం. ఈ రెండూ ఉన్నచోట, క్యూ పెరుగుతోందని పైనుంచి ఒత్తిడి లేనిచోట బెల్టు బాగా పనిచేస్తుంది. ఒత్తిడి ఉన్నచోట ఏమవుతుందో 2015లో బయటపడింది. అమెరికాలో రహస్య బృందాలు చేసిన 70 పరీక్షల్లో 67సార్లు నిషిద్ధ వస్తువులు తనిఖీ దాటిపోయాయని అప్పట్లో వార్త. అక్కడ తనిఖీలు నడిపే ప్రభుత్వ సంస్థ తాత్కాలిక అధిపతి కుర్చీ దిగాల్సి వచ్చింది.

సీటీ యంత్రంలో కిరణమూలం బ్యాగు చుట్టూ తిరిగి వందల పొరలుగా బొమ్మ తీస్తుంది. ఆపరేటర్ దాన్ని తెర మీద ఎటు కావాలంటే అటు తిప్పి చూస్తాడు. సాంద్రత లెక్కగట్టి అనుమానం ఉన్నచోటును యంత్రమే గుర్తు పెడుతుంది. ల్యాప్‌టాప్, ద్రవాలు బయటికి తీయనక్కర్లేదు. చిక్కల్లా, ఒకే విమానాశ్రయంలో ఒక వరుసలో ఇది, పక్క వరుసలో పాత యంత్రం ఉండటం. నియమం వరుసకో రకంగా మారితే జనం తికమకపడి, ట్రేలు వెనక్కి వచ్చి, కొత్త యంత్రం మిగిల్చిన సమయం కాస్తా పోతుంది. ముందున్న బోర్డు చదివి, లేదా ఒక్కమాట అడిగి ట్రే సర్దుకోవడం మంచిది. వేలాడే పట్టీలను ట్రే లోపలికి మడవాలి, లేకపోతే సొరంగంలో చిక్కుకుని బెల్టు ఆగిపోతుంది. ఫిల్మ్ కెమెరా వాడేవారికి ఒక హెచ్చరిక: పాత ఎక్స్‌రే తక్కువ వేగం ఫిల్మును పెద్దగా పాడు చేయదు, సీటీ మాత్రం ఏ ఫిల్మునైనా పొగమంచు పట్టినట్టు చేసేస్తుంది. చేతితో తనిఖీ చేయమని అడగండి.

పాత బెల్టుకు మూడు, సీటీకి నాలుగు.

బూట్లు, సీసాలు, స్కానర్

జనం ఎక్కువ తిట్టుకునేవి ఇవే, కానీ ఇవి హైజాక్‌ను ఆపడానికి వచ్చినవి కావు. విమానాన్ని పట్టుకుని బేరమాడే వాడి కోసం కాకుండా, దాన్ని పేల్చేసి తానూ చచ్చిపోదామనుకునే వాడి కోసం వచ్చినవి. బూట్ల నియమం 2001 డిసెంబరు 22న పారిస్–మయామి విమానంలో ఒకడు బూటులోని పేలుడు పదార్థాన్ని అంటించబోవడంతో మొదలైంది. అమెరికా 2006లో తప్పనిసరి చేసి 2025 జులైలో ఎత్తేసింది. ఈ మధ్యకాలమంతా చాలా దేశాలు బూట్లు అందరిచేతా విప్పించకుండానే నడిపాయి. దీనికి ఒక్క మార్కు.

ద్రవాల నియమానికి ఆధారం బలమైనది. 2006 ఆగస్టు 10న లండన్‌లో బయటపడ్డ కుట్రలో పానీయాల సీసాల్లో ద్రవ పేలుడు పదార్థం తీసుకెళ్లి అట్లాంటిక్ దాటే విమానాలను కూల్చాలని పథకం వేశారు. అక్కడి నుంచే 100 మిల్లీలీటర్లు, ఒక లీటరు పారదర్శక సంచి. కొలిచేది సీసా పరిమాణాన్నే గానీ అందులో మిగిలినదాన్ని కాదు. సగం ఖాళీ అయిన 200 మిల్లీలీటర్ల సీసా కుదరదు. పేస్టు, జెల్, క్రీము, స్ప్రే అన్నీ ద్రవాల కిందికే వస్తాయి. పసిపిల్లల పాలు, మందులు మినహాయింపు, అయితే అడగకముందే విడిగా చూపాలి. సీటీ వచ్చిన కొన్నిచోట్ల రెండు లీటర్ల దాకా అనుమతి మొదలైంది. కానీ బయల్దేరేచోట ఉన్న సడలింపు తిరుగు ప్రయాణంలో ఉండకపోవచ్చు. తెలియనప్పుడు 100నే నమ్ముకోండి.

బాడీ స్కానర్ 2009 డిసెంబరు 25న లోదుస్తుల్లో పేలుడు పదార్థంతో ఒకడు డెట్రాయిట్ విమానం ఎక్కగలిగాక విస్తరించింది. ఇప్పుడు వాడేది మిల్లీమీటరు తరంగాలను, అంటే ఎక్స్‌రే కాదు. గర్భిణులు కంగారు పడాల్సిన పని లేదు. నగ్నచిత్రం తీసే పాత పద్ధతి పోయింది. తెర మీద అందరికీ ఒకే బొమ్మ, అనుమానం ఉన్నచోట ఒక పసుపు గడి కనిపిస్తుంది, అంతే. తప్పుడు హెచ్చరికలే దీని జబ్బు. చెమట తడి, మందపాటి కుచ్చిళ్లు, జడ ముడి, జేబులో మడత కాగితం, చివరికి రుమాలు కూడా గడిని తెప్పిస్తాయి. ఆర్చికి లోహం తీస్తే చాలు, దీనికి జేబులో ఏదీ ఉండకూడదు. పాదాల గుర్తుల మీద నిలబడి, చేతులు చూపినట్టే ఎత్తి, రెండు మూడు సెకన్లు కదలకుండా ఉంటే సగం గడులు రావు. గడి వస్తే ఆ ఒక్కచోటే తడమాలి. సాటి లింగం వారే తడమాలని, కావాలంటే వేరు గదిలో చేయాలని అడిగే వీలు చాలా దేశాల్లో ఉంది. మూడు మార్కులు.

చేతులకో బ్యాగుకో గుడ్డముక్క రాసి యంత్రంలో పెట్టడం పేలుడు రేణువుల పరీక్ష. వేడికి ఆవిరైన అణువులు విద్యుదావేశం పొంది గొట్టంలో ఎంత వేగంగా కదిలాయో కొలిచి పదార్థాన్ని గుర్తిస్తుంది. పది సెకన్ల లోపు పని. చేతి క్రీముల్లోని గ్లిజరిన్, గుండెజబ్బుకు వాడే నైట్రోగ్లిజరిన్, ఎరువులు పట్టుకున్న చేతులు దీన్ని మోగించొచ్చు. మోగితే కంగారు పడకుండా మందు చూపించండి. అదే గుడ్డముక్కను చాలామందికి వాడి, ఎప్పటికో యంత్రంలో పెట్టడం కనిపిస్తే ఆ తనిఖీకి విలువ తక్కువే, ఎందుకంటే ముందువాళ్ల రేణువులు మీ ఖాతాలో పడతాయి.

ప్రశ్నలు అడిగే తనిఖీ, అడిగాక చేసే పని

1986 ఏప్రిల్ 17న లండన్ హీత్రూలో ఒక గర్భిణి సంచి మామూలు తనిఖీ దాటిపోయింది. ఆమెకు తెలియకుండా ప్రియుడు అడుగున పేలుడు పదార్థం అమర్చాడు. ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ ఆల్ గేటు దగ్గర విడిగా ప్రశ్నలు అడిగింది. ఎందుకు వెళ్తున్నారు, ఎక్కడ ఉంటారు, బ్యాగు ఎవరు సర్దారు? జవాబులు అతకలేదు, సంచి ఖాళీ చేసి తూచారు, బరువు తేడా పట్టించింది. "బ్యాగు మీరే సర్దుకున్నారా?" అన్న ప్రశ్న మొక్కుబడిగా వినిపిస్తుంది గానీ దాని వెనక ఇలాంటి సంఘటన ఉంది. దానికి నిజంగా ఆలోచించి జవాబు చెప్పండి. ఎవరో ఇచ్చిన పొట్లం ఉంటే ఉందనే చెప్పండి.

అయితే అనుమానించడం వేరు, అనుమానానికి తగ్గ పని చేయడం వేరు. 2001లో అమెరికాలో కంప్యూటర్ వడపోత ఒకటి ఉండేది. ఆ రోజు 19 మంది హైజాకర్లలో సగానికి పైగా మందిని అది ఎంచింది. మరి ఎంచాక ఏం చేశారు? వాళ్లు విమానం ఎక్కేదాకా వాళ్ల చెక్‌ఇన్ బ్యాగులను ఎక్కించకుండా ఆపారు, అంతే. ఎందుకంటే ఆ పద్ధతిని రాసుకుంది బ్యాగులో బాంబు పెట్టి తాను ఎక్కకుండా పోయేవాడి కోసం. మనిషిని ఎక్కువగా సోదా చేయాలని అందులో లేదు. నాలుగంగుళాల లోపు కత్తులకు అప్పటికి అనుమతి కూడా ఉంది. భద్రతా తనిఖీ మీద రాసిన పెద్ద పెద్ద విశ్లేషణల కన్నా ఈ ఒక్క వివరం ఎక్కువ చెప్తుంది.

చెక్‌ఇన్ బ్యాగుల నియమానికి మూలం 1985 జూన్ 23. ఎయిర్ ఇండియా 182, కనిష్క. ఎక్కని ప్రయాణికుడి బ్యాగు ఎక్కింది, అందులోని బాంబు పేలి 329 మంది చనిపోయారు. టొరంటోలో ఆ రోజు ఎక్స్‌రే యంత్రం మధ్యలో చెడిపోతే చేతి పరికరంతో సరిపెట్టారు. మనిషి లేనిదే బ్యాగు వెళ్లకూడదన్నది అప్పటి నుంచి బలపడింది, 1988లో స్కాట్లాండ్‌లోని లాకర్‌బీ మీద పాన్ ఆమ్ విమానం బ్యాగులోని బాంబుతో పేలాక మరింత గట్టిపడింది. గేటుకు రాని ఒక్కరి కోసం విమానం అరగంట ఆగి, వందల బ్యాగుల్లోంచి ఒకటి వెతికి దింపడం అందుకే. ఆలస్యమైనా ఈ నియమానికి నాలుగున్నర.

కాక్‌పిట్ తలుపు

హైజాక్ అన్న నేరాన్నే మార్చేసింది ఏ స్కానరో కాదు, ఈ తలుపు. 2001కి ముందు అది గట్టిగా తన్నితే ఊడేది. సిబ్బందికి ఇచ్చిన శిక్షణ కూడా ఎదిరించవద్దు, అడిగినచోటికి తీసుకెళ్లండి, దిగాక బేరం జరుగుతుంది అనే. అరవైల నుంచి చాలా హైజాక్‌లు అలాగే ముగిశాయి కాబట్టి ఆ సలహా అప్పటికి సబబే. విమానాన్నే ఆయుధంగా వాడే రోజు వచ్చాక అది పనికిరాకుండా పోయింది.

2003 నవంబరు 1 నుంచి అరవై మందికి పైగా ప్రయాణించే అంతర్జాతీయ విమానాలకు తూటాలను, బలవంతపు దాడిని తట్టుకునే తలుపు తప్పనిసరి. ప్రమాణం ప్రకారం 300 జౌళ్ల దెబ్బను, పిడి పట్టుకుని 1,113 న్యూటన్ల బలంతో లాగడాన్ని తట్టుకోవాలి. తాళం లోపలివారి చేతుల్లో ఉంటుంది. బయట కీప్యాడ్ ఉన్నా, అత్యవసర కోడ్ కొట్టాక కొంత సమయం గడవాలి, ఆలోగా లోపలివారు కాదంటే తెరుచుకోదు.

ఇందులోని లోపం 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ 9525లో భయంకరంగా బయటపడింది. కెప్టెన్ బయటికి వెళ్లగానే కో–పైలట్ తలుపు బిగించి విమానాన్ని ఆల్ప్స్ కొండకు ఢీకొట్టాడు. 150 మంది పోయారు. అంతకు ఏడాది ముందు, 2014 ఫిబ్రవరి 17న ఇథియోపియన్ 702ను కూడా కో–పైలటే కెప్టెన్‌ను బయట ఉంచి జెనీవాకు తీసుకెళ్లాడు. బయటివాణ్ణి ఆపే తలుపు లోపలివాణ్ణి కాపాడుతుంది కూడా. దీన్ని డిజైన్‌తో పూర్తిగా తీర్చలేం. కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరు ఉండాలన్న నియమం కొన్నిచోట్ల వచ్చింది, కొన్నిచోట్ల సడలింది. పైలట్ల మానసిక ఆరోగ్య పరీక్షలు పెరిగాయి.

రెండో చిక్కు, తలుపు తెరిచే ఆ కొద్ది సెకన్లు. పైలట్ బయటికి రావాల్సినప్పుడు సిబ్బంది ట్రాలీని అడ్డంగా పెట్టి నిలబడటం అందుకే. ఆ సమయంలో ముందు టాయిలెట్ కోసం లేచి వెళ్లకండి, ఆగమంటే వాదించకండి. కొత్తగా తయారయ్యే విమానాల్లో మడతపెట్టే రెండో అడ్డు ఉండాలని అమెరికా 2023లో నియమం చేసింది. ట్రాలీ కన్నా అది నయం. నాలుగున్నర.

తలుపు రాకముందూ, వచ్చాకా బెదిరింపు మాటకు బలం ఉంది. 1971లో 'గంగ' అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని బొమ్మ తుపాకీతో, కర్ర గ్రెనేడ్‌తో లాహోర్‌కు మళ్లించారు. 1996లో ఇథియోపియన్ 961ని పట్టుకున్నవాళ్లు బాంబన్నది మద్యం సీసా. ఇంధనం అయిపోయి కొమొరోస్ దగ్గర సముద్రంలో దిగితే 125 మంది పోయారు. 2016లో ఈజిప్ట్ ఎయిర్ 181ని సైప్రస్‌కు మళ్లించినవాడి నడుం బెల్టులో ఉన్నవి ఫోన్ కవర్లు. కింద తనిఖీ ఎంత నమ్మదగ్గదైతే పైన ఆ మాట విలువ అంత తగ్గుతుంది. పిల్లల బొమ్మ తుపాకీని చేతి సంచిలో పెట్టనివ్వకపోవడం, బాంబు అని సరదాకి అన్నా విమానం ఆపేయడం అతి కాదు. బొమ్మలను చెక్‌ఇన్ బ్యాగులో వేయండి.

గీత: ఎవరూ మార్కులివ్వని అంచె

వడకట్టిన నీళ్లలో వడకట్టని చెంబెడు కలిపితే మొత్తం మళ్లీ వడకట్టాల్సిందే. తనిఖీ అయిన ప్రాంతం సూత్రం అదే. స్కానర్ ఎంత గొప్పదైనా, దాన్ని చుట్టి పోయే దారి ఒక్కటి ఉంటే దాని విలువ సున్నా. చరిత్రలో ఎన్నో హైజాక్‌లు తనిఖీని ఓడించి జరగలేదు, దాని పక్క నుంచి జరిగాయి.

1999 జులై 23న టోక్యో హనెడాలో ఒకడు వంట కత్తితో ఏఎన్ఏ 61వ విమానం ఎక్కి కెప్టెన్‌ను చంపాడు. అతను తనిఖీని మోసం చేయలేదు. వచ్చిన ప్రయాణికులు బ్యాగు తీసుకునే చోటి నుంచి బయల్దేరేవాళ్ల అంతస్తుకి సోదా లేకుండా వెళ్లగలిగే దారి భవనం నిర్మాణంలోనే ఉంది. ఆ లోపం గురించి అతనే ముందుగా అధికారులకు రాశాడు కూడా. రాసినవాడు ఎవరైనా, రాసింది నిజమా అని చూడాల్సింది. చూడలేదు.

1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్ ఆమ్ 73ని పట్టుకున్నవాళ్లు భద్రతా సిబ్బంది యూనిఫాంలో, అలాంటి వాహనంలో నేరుగా విమానం దగ్గరికి వచ్చారు. వాళ్లకు ఆర్చి అడ్డు రాలేదు. ఆ విమానం ఎగరకుండా ఆపింది క్యాబిన్ సిబ్బంది అప్రమత్తత. వాళ్ల సంకేతంతో పైలట్లు కాక్‌పిట్ పై కిటికీ నుంచి తప్పించుకోవడంతో హైజాకర్ల చేతుల్లో నడిపేవాళ్లు లేని విమానం మిగిలింది. సీనియర్ పర్సర్ నీరజా భానోత్ ప్రయాణికుల్ని కాపాడుతూ ప్రాణాలిచ్చారు. ఎనిమిదేళ్లకు, 1994 డిసెంబరు 24న అల్జీర్స్‌లో ఎయిర్ ఫ్రాన్స్ 8969లోకి కూడా పోలీసు వేషంలోనే, పాస్‌పోర్టులు చూస్తామంటూ ఎక్కారు.

ఉద్యోగుల దారి ఇంకొకటి. 1987 డిసెంబరు 7న కాలిఫోర్నియాలో ఉద్యోగం పోయినవాడు తిరిగివ్వని గుర్తింపు కార్డుతో తనిఖీ తప్పించుకుని తుపాకీతో పీఎస్ఏ 1771 ఎక్కాడు. 43 మందీ పోయారు. ఉద్యోగం పోయిన రోజే కార్డు తీసేసుకోవాలని, సిబ్బంది కూడా ప్రయాణికుల్లాగే సోదా కావాలని ఆ తర్వాత నియమాలు కట్టుదిట్టం చేశారు. అయినా శుభ్రపరిచేవాళ్లు, సరుకు వాళ్లు, దుకాణాల వాళ్లు వేలమంది రోజూ దాటే తలుపులవి. పూర్తి సోదా ఖర్చుతో కూడిన పని కావడంతో చాలాచోట్ల కొందరినే ఎంచి చూస్తారు.

ఇది ప్రయాణికుడు తన కళ్లతో కొలవగలిగిన అంచె. పైలట్లు, సిబ్బంది మీతో పాటే ఆర్చి దాటుతున్నారా? దిగినవాళ్ల దారి వేరుగా ఉండి, వెనక్కి తిరగనివ్వని తలుపులు ఉన్నాయా? బయటికి వెళ్లే దారి దగ్గర మనిషి కూర్చున్నాడా, ఫోన్‌లో మునిగి ఉన్నాడా? సిబ్బంది తలుపు కార్డు పెట్టి తెరిచాక వెనక వచ్చే రెండో మనిషి కార్డు పెట్టకుండానే దూరుతున్నాడా? కొత్త విమానాశ్రయాల్లో భవనమే ఇవన్నీ చూసుకుంటుంది, అక్కడ నాలుగు ఇవ్వొచ్చు. పాత భవనాలకు గోడలు కట్టి, తలుపులు బిగించి అతుకులు వేసిన చోట రెండుకు మించి ఇవ్వలేం. ఈ ఒక్క అంచెకే చోటును బట్టి ఇంత తేడా ఉంది.

మీ వంతు ఒకటుంది. తనిఖీ అయిన ప్రాంతం నుంచి బయటికి వచ్చేశాక లోపల కళ్లజోడో సంచో మర్చిపోయారని గుర్తొస్తే అదే దారిన వెనక్కి పరుగెత్తకండి. ఒక్క మనిషి అలా లోపలికి వెళ్తే, అతను దొరికే దాకా, కొన్నిసార్లు దొరికాక కూడా, టెర్మినల్ మొత్తం ఖాళీ చేయించి అందర్నీ మళ్లీ సోదా చేయాలి. బయటి కౌంటర్లో చెప్తే వస్తువు వాళ్లే తెప్పిస్తారు.

చివరిది విమానం మారేచోటు. 1976 జూన్ 27న ఎయిర్ ఫ్రాన్స్ 139ని ఉగాండాలోని ఎంటెబ్బేకు మళ్లించినవాళ్లు మరో విమానంలో వచ్చి ఏథెన్స్‌లో మారి ఎక్కారు. మొదటి విమానాశ్రయం తనిఖీని రెండోది గుడ్డిగా నమ్మితే, ప్రపంచంలో అతి బలహీనమైన ఆర్చి ఎంతో అందరి భద్రతా అంతే అవుతుంది. అందుకే పరస్పరం ఒప్పుకున్న దేశాల మధ్య తప్ప, మారేచోట మళ్లీ సోదా చేస్తారు. రెండు విమానాల మధ్య గంట మాత్రమే ఉన్న టికెట్ కొనేముందు ఈ సోదా ఉందో లేదో చూసుకోండి. మొదటి తనిఖీ తర్వాత కొన్న పెద్ద సీసాలు ఇక్కడే ఎక్కువగా పోతాయి. కొనేటప్పుడు ఎర్ర అంచు ఉన్న, తెరిస్తే తెలిసిపోయే సీలు సంచిలో పెట్టించి, రసీదు బయటికి కనపడేలా లోపలే ఉంచమనండి. గమ్యం చేరేదాకా ఆ సంచి తెరవకండి. అన్ని దేశాల సంచులనూ అన్ని దేశాలూ ఒప్పుకోవు కాబట్టి, దారిలో ఎక్కడ మారుతున్నారో చెప్పి, అక్కడ చెల్లుతుందా అని దుకాణంలోనే అడగడం మేలు.